పడమటి ఎండ కిటికీలకు ఫ్రాస్టెడ్ ఫిల్మ్: ఒక క్లినిక్‌లో తడి పద్ధతి పని

గుంటూరులో మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తులో ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్ పని ఇది. రోడ్డు వైపు మూడు అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు, మూడూ పడమటి ముఖం. లోపల వెయిటింగ్ హాలుకీ ట్రీట్‌మెంట్ గదికీ మధ్య 12 ఎంఎం టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) గ్లాస్ పార్టిషన్, దానికో గ్లాస్ డోర్. ఏడాది కిందట ఎవరో వచ్చి అన్నిటికీ మాట్ ఫినిష్ వినైల్, అంటే అద్దాన్ని మసకగా చేసే ప్లాస్టిక్ ఫిల్మ్, అంటించి వెళ్లారు. నన్ను పిలిచేనాటికి అది మచ్చలు తేలి, అంచులు లేచి, నడిమికి చీలి ఉంది. "అద్దాలకు చర్మవ్యాధి వచ్చినట్టుంది, చూడండి" అన్నారు డాక్టర్ మేడమ్. "మళ్లీ నీళ్లు కొట్టి అంటిస్తారా? అయితే వద్దండీ. క్రితంసారి వాళ్లూ నీళ్లు కొట్టే అంటించారు."

ఆవిడ అనుమానంలో తప్పేమీ లేదు. నీళ్లు కొడితే ఫిల్మ్ అద్దం మీద జారుతుంది, కావలసిన చోటుకి జరుపుకోవచ్చు, పెద్ద ముక్కనైనా ఇద్దరు కలిసి ముడత లేకుండా పరచొచ్చు. అంతవరకూ సులువే, అందుకే ఆ మాత్రం అందరికీ వచ్చు. లోపలికి పంపిన ఆ నీళ్లను మొత్తం బయటికి లాగడం దగ్గరే పనితనం తేలుతుంది. సబ్బు ఎంత కలపాలి, అంచున ఎంత ఖాళీ వదలాలి, ఏ వేళకు పని పెట్టుకోవాలి, స్క్వీజీ (నీళ్లు లాగే పట్టీ) ఎటు లాగాలి అనేవన్నీ ఆ ఒక్క అవసరం చుట్టూ తిరుగుతాయి. ఈ క్లినిక్‌లో అవన్నీ ఒకేచోట ఎదురయ్యాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పాత ఫిల్మ్ ఏం చెప్పింది

చెడిపోయిన ఫిల్మ్‌ని వెంటనే పీకేయకూడదు. అది ఎలా చెడిందో చూస్తే ఆ చోటు ఎలాంటిదో తెలుస్తుంది. నేను టార్చిలైటు పక్కవాటుగా పట్టి ఒక్కో షట్టర్ (జరిగే కిటికీ తలుపు, కిటికీకి రెండేసి) చూశాను.

మచ్చలన్నీ అద్దం కింది మూడో వంతులోనే ఉన్నాయి. గుండ్రంగా, నడుమ పల్చగా, అంచున తెల్లటి గీతతో కనిపించాయి. నీటిబొట్టు ఆరిపోయి అందులోని ఉప్పు మిగిలితే సరిగ్గా అలాగే ఉంటుంది. స్క్వీజీతో పైనుంచి లాగుతూ వచ్చి, కింది అంచు దాకా తేకుండా మధ్యలో వదిలేశారన్నమాట. పైగా కొట్టింది బోరు నీళ్లు. క్లినిక్ బాత్రూమ్ కుళాయి దగ్గర, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 900 పైన చూపించింది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ చెప్పే వాంఛనీయ పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. అలాంటి నీళ్లు ఫిల్మ్ వెనక చిక్కుకుంటే, తడి మెల్లగా ఆవిరై పోతుంది గానీ సున్నపు తెలుపు అక్కడే ఉండిపోతుంది. దాన్ని బయటి నుంచి ఎంత తుడిచినా పోదు.

ఇక అంచులు. ఫిల్మ్‌ని అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ లోపలికి దూర్చి మరీ కోశారు. చూడ్డానికి నిండుగా ఉంటుందని అలా చేస్తారు. కానీ అంచు దగ్గర అద్దం కనిపించేంత సందు లేకపోతే నీళ్లు బయటికి రావడానికి దారి ఉండదు. తర్వాత ఆయా కిటికీ తుడిచినప్పుడల్లా బీడింగ్‌లో నిలిచిన నీళ్లు తిరిగి ఫిల్మ్ కిందికే పాకుతాయి. వేళ్లలా లోపలికి చొచ్చుకొచ్చిన పాయలన్నీ అలా పుట్టినవే.

మూడోది అతుకు. ఒక్కో షట్టర్‌లో అద్దం వెడల్పు 28 అంగుళాలు, ఎత్తు 44 అంగుళాలు. వాడింది 24 అంగుళాల రోల్. కాబట్టి ప్రతి షట్టర్‌కీ పక్కన నాలుగంగుళాల పట్టీ అతికారు. రెండు ముక్కలూ అంచుకు అంచు ఆనించి పెట్టారు. ఏడాది తిరిగేసరికి వాటి మధ్య దాదాపు ఒక మిల్లీమీటరు సందు. సాయంత్రం ఎండ పడితే ఆ సందు ట్యూబ్‌లైటులా మెరుస్తోంది. మనకు మామూలుగా దొరికే ఫ్రాస్టెడ్ వినైల్ క్యాలెండర్డ్ రకం, 80 మైక్రాన్ల మందం. పీవీసీని వేడి రోలర్ల మధ్య నలిపి పల్చని షీటుగా సాగదీస్తారు. వేడి తగిలితే ఆ సాగుడు కొంత వెనక్కి పోవాలని చూస్తుంది. అంటించేటప్పుడు మనం చేత్తో గుంజింది దానికి తోడవుతుంది. పడమటి కిటికీకి ఈ రెండూ కలిస్తే ఆనించిన అతుకు నిలవదు.

ఏ ఫిల్మ్, ఎంత మేర

మేడమ్ అప్పటికే ఒక డీలర్ దగ్గర రోల్ తెప్పించి ఉంచారు. నాలుగడుగుల వెడల్పు, రంగు బాగుంది. మూల కొంచెం ఒలిచి గమ్ము వైపు వెలుతురుకి వాలుగా పట్టి చూస్తే సన్నటి గళ్లు కనిపించాయి, వలలాగా. అది గాలి బయటికి పోయే కాలువలున్న గమ్ము. పొడిగా అంటించడానికి చేసిన సరుకు. ఆ కాలువల్లోకి నీళ్లు పోతే గాలి పోవలసిన దారుల్లో నీళ్లు నిలుస్తాయి, గళ్ల ఆకారం ముందు నుంచి కనపడుతుంది. సరుకు మంచిదే, ఈ పనికి పనికిరాదు. వెనక్కి పంపించి, సాదా గమ్ము ఉన్న 48 అంగుళాల ఎచ్డ్ గ్లాస్ వినైల్ తెప్పించాం. రోల్ కొనేవాళ్లు ఈ ఒక్క మూల ఒలిచి చూసే అలవాటు చేసుకుంటే సగం గొడవలు ఉండవు.

48 అంగుళాల రోల్ తీసుకోవడానికి లెక్క ఉంది. అద్దం ఎత్తు 44 అంగుళాలు రోల్ వెడల్పులో పడుతుంది. అప్పుడు ఒక్కో షట్టర్‌కి 29 అంగుళాల పొడవు కోస్తే చాలు, అతుకే ఉండదు. ఆరు షట్టర్లకి పద్నాలుగున్నర అడుగుల రోల్. ముక్కలన్నీ ఒకే దిక్కున కోసి, వెనక కాగితం మీద పైవైపు బాణం గుర్తు పెట్టాను. ఫ్రాస్టెడ్ ఫిల్మ్ తెల్లగా ఒకేలా కనిపిస్తుంది గానీ, పక్కపక్క అద్దాల్లో ఒక ముక్క నిలువుగా ఒకటి అడ్డంగా పడితే సాయంత్రం వెలుతురులో ఛాయ తేడా తెలిసిపోతుంది.

పార్టిషన్‌కి మొత్తం వేయొద్దని చెప్పాను. నేల నుంచి ఆరంగుళాలు వదిలి ఆరడుగుల ఎత్తు దాకా పట్టీలా వేస్తే, హాల్లో నిలబడ్డ మనిషికి లోపలి మంచం కనపడదు. పైన మామూలు అద్దం ఉంటుంది కాబట్టి గది ఇరుగ్గా అనిపించదు, లైటు పంచుకోవచ్చు.

ఇంకో సంగతి ముందే తేల్చుకోవాలనుకున్నాను. మాట్ ఫిల్మ్ కర్టెన్ కాదు. వెలుతురుని చెదరగొడుతుంది, ఆపదు. అందుకని ఒక అడుగు ముక్కను పాత ఫిల్మ్ ఒలిచిన చోట తాత్కాలికంగా అంటించి, చీకటి పడ్డాక లోపల లైట్లు వేయించి, మేడమ్‌ని రోడ్డు మీదికి తీసుకెళ్లి చూపించాను. మా కుర్రాడు లోపల అద్దానికి అరచెయ్యి ఆనించాడు. అయిదు వేళ్లూ స్పష్టంగా కనిపించాయి. ఒక అడుగు వెనక్కి తీస్తే చేతి ఆకారం మాత్రం. మూడడుగులు వెనక్కి పోతే నీడ కదులుతున్నట్టు తెలుస్తోంది, ఏమిటో తెలియదు. మధ్య కిటికీ పక్కనే పరీక్ష మంచం ఉంది, అద్దానికి అడుగు దూరంలో. "అంటే రాత్రిపూట పేషెంట్ నీడ రోడ్డు మీదికి కనిపిస్తుందా?" అని అడిగారావిడ. కనిపిస్తుంది. మంచం ఎదురు గోడ వైపుకి జరిపించారు, ఆ ఒక్క కిటికీకి లోపల రోలర్ బ్లైండ్ కూడా పెట్టించుకున్నారు. ఈ పరీక్ష చేయకుండా ఫిల్మ్ వేసి డబ్బు తీసుకుని వచ్చేస్తే, మొదటి సాయంత్రమే ఫోన్ వస్తుంది.

కిటికీలకు ఫిల్మ్ వేస్తే పోలీసు కేసవుతుందా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న ఇచ్చిన ఉత్తర్వు వాహనాల అద్దాల గురించి. ఇంటి కిటికీకీ క్లినిక్ కిటికీకీ దానితో సంబంధం లేదు.

పీకడం, తోమడం

ఈ పనిలో ఎక్కువ వేళ పట్టింది ఇక్కడే, కొత్త ఫిల్మ్ అంటించడానికి కాదు. అందుకే పాత ఫిల్మ్ తీయడానికి విడిగా చార్జి చేస్తాను. మొదట్లోనే అలా చెప్పేస్తే కస్టమర్ కూడా బాధపడరు.

కిటికీ అద్దం మామూలు 5 ఎంఎం, టఫెన్డ్ కాదు. మామూలు అద్దంలో ఒక చోటికీ పక్క చోటికీ దాదాపు 40 డిగ్రీల తేడా వస్తే పగుళ్లు పుట్టే ప్రమాదం ఉంది. హీట్ గన్ గాలి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది. అది ఒకే చోట పెట్టి నిలబడితే, అందులోనూ ఏసీ చల్లదనం ఉన్న గదిలో, టప్‌మని శబ్దం వినాల్సిందే. నేను తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యరే వాడతాను. ఒక మూల వెచ్చబెట్టి, బ్లేడుతో లేపి, ఫిల్మ్‌ని అద్దానికి దాదాపు సమాంతరంగా మడిచి మెల్లగా లాగాలి. ఎదురుగా మన వైపుకి గుంజితే ఫిల్మ్ తెగుతుంది, గమ్మంతా అద్దానికే ఉండిపోతుంది. ఎంత జాగ్రత్తపడ్డా కొంత ఉండిపోతుందనుకోండి.

ఆ మిగిలిన గమ్ముకి మన దగ్గర కిరోసినో థిన్నరో వాడటం అలవాటు. క్లినిక్‌లో ఆ వాసన కుదరదు. పైగా కిరోసిన్ తర్వాత జిడ్డు పొర ఉండిపోతుంది, దాన్ని మళ్లీ కడగాలి. సబ్బు నీళ్లలో తడిపిన పాత పేపర్లు అద్దానికి అతికించి కొంతసేపు నాననిచ్చాం. గమ్ము తెల్లబడి మెత్తబడ్డాక స్క్రేపర్ బ్లేడుతో ఒకే దిశలో గీకాం. వెనక్కీ ముందుకీ గీకితే బ్లేడు కింద చిక్కిన ఇసుక గీతలు పెడుతుంది. అద్దం ఎప్పుడూ తడిగా ఉండాలి. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం.

పార్టిషన్ టఫెన్డ్ కాబట్టి అక్కడ బ్లేడు విషయంలో ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అద్దం ఫర్నేస్‌లో రోలర్ల మీద వెళ్లేటప్పుడు సన్నటి గాజు నలుసులు కొన్ని ఒక వైపున అతుక్కుపోయి ఉంటాయి. ముందు అరచేత్తో తడిమి చూస్తే ఇసుకలా గరగర తగులుతుంది. అలాంటి వైపు బ్లేడు పెట్టి గీకితే నలుసు ఊడి, బ్లేడుతో పాటు పక్కకు ఈడ్చుకుపోయి, పొడుగాటి గీత పడుతుంది. ఆ వైపున ప్లాస్టిక్ బ్లేడుతోనే సరిపెట్టుకున్నాం.

ఈ క్లినిక్‌లో నాకు కొత్తగా కనిపించింది మైనం. ట్రీట్‌మెంట్ గదిలో పార్టిషన్‌కి దగ్గరగా వాక్స్ బాత్ ఉంటుంది, కీళ్ల నొప్పుల వాళ్లు చేతులు కరిగిన పారఫిన్‌లో ముంచి తీస్తారు. ఏళ్ల తరబడి చిందిన మైనం అద్దం మీద కంటికి కనిపించని చుక్కలుగా ఉంది. ఆల్కహాల్‌కి పారఫిన్ కరగదు. గుడ్డతో ఎంత రుద్దినా పక్కకి పులుముకుంటుంది. వేడి సబ్బు నీళ్లలో గుడ్డ పిండి అద్దాన్ని వెచ్చబెట్టి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ బ్లేడుతో ఎత్తి, ఆ తర్వాత ఆల్కహాల్ పెడితే గానీ పోలేదు. దానితోపాటు మసాజ్ ఆయిల్, అల్ట్రాసౌండ్ జెల్, గ్లాసుల జాయింట్ల దగ్గర అప్పటి ఫిట్టర్లు వేలితో పులిమిన సిలికాన్ (సందులు పూడ్చే రబ్బరు లాంటి జిగురు). సిలికాన్ ఉన్నచోట ఏ గమ్మూ పట్టదు. అక్కడ ప్లాస్టిక్ బ్లేడు, సిలికాన్ రిమూవర్, ఓపిక, అంతే.

శుభ్రమైందో లేదో కంటితో చెప్పలేం. నీళ్లతో చెప్పొచ్చు. కడిగిన అద్దం మీద మామూలు నీళ్లు, సబ్బు కలపకుండా, స్ప్రే కొట్టాలి. నీళ్లు ఒకే పలుచని తెరలా కిందికి దిగితే అద్దం తయారుగా ఉన్నట్టు. ఎక్కడైనా తెర చిరిగి, నీళ్లు ముత్యాల్లా విడిపోతే అక్కడ జిడ్డో మైనమో సిలికానో ఉన్నట్టు. పార్టిషన్‌లో వాక్స్ బాత్ ఎదుటి పలక మీద ఈ తెర పదేపదే చిరిగింది. అది పూర్తిగా నిలిచాకే ఫిల్మ్ రోల్ విప్పాను.

అంటించడం

మార్చి నెలాఖరు. మధ్యాహ్నం తర్వాత ఆ కిటికీ అద్దాల మీద చెయ్యి పెట్టలేం. వేడి అద్దం మీద కొట్టిన నీళ్లు స్క్వీజీ వచ్చేలోపే ఆరిపోతాయి, ఫిల్మ్ ఎక్కడికక్కడ పట్టేస్తుంది. పడమటి కిటికీలకు పొద్దున్నే పని పెట్టుకోవడం మామూలు పద్ధతి. ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది: స్లైడింగ్ షట్టర్ పైకెత్తి ట్రాక్ నుంచి బయటికి తీసేయొచ్చు. ఆరింటినీ తీసి, లోపలి హాల్లో రబ్బరు మ్యాట్ మీద నిలువుగా గోడకి ఆనించి చేశాం. బల్ల మీద పడుకోబెట్టి చేస్తే వెన్ను నొప్పి రాదు గానీ, నీళ్లు నిలిచిపోతాయి. నిలువు అద్దానికి కిందికి దారి ఎప్పుడూ ఉంటుంది.

ఫ్యాన్లన్నీ ఆపించాను. నేల మీద తడిగుడ్డ పెట్టించాను, దుమ్ము లేవకుండా. "ఉక్కపోస్తోంది అన్నా, కొంచెం స్లోగా పెట్టుకుందాం" అన్నాడు మా కుర్రాడు. ఫిల్మ్ వెనక కాగితం ఒలిచేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటుకి ఎగిరే ప్రతి నూలుపోగూ వచ్చి గమ్ముకి అంటుకుంటుంది. నీటి బుడగ తర్వాత పోతుంది, నూలుపోగు పోదు. ఫ్యాన్ వేయలేదు.

ద్రావణం సంగతి. లీటరు ఆర్‌వో నీళ్లకి పావు టీస్పూను బేబీ షాంపూ. కండిషనర్ కలిసినవీ, మాయిశ్చరైజర్ ఉన్న హ్యాండ్‌వాష్‌లూ వద్దు, వాటి జిడ్డు గమ్ము మీద కూర్చుంటుంది. వేళ్ల మధ్య రాస్తే జారాలి, నురగ మాత్రం గుత్తులుగా రాకూడదు. సబ్బు తక్కువైతే ఫిల్మ్ పెట్టిన చోటే కరుచుకుంటుంది, జరపబోతే సాగుతుంది. ఎక్కువైతే హాయిగా జారుతుంది కానీ స్క్వీజీ లాగినా గమ్ము పట్టదు, అంచులు లేస్తూనే ఉంటాయి, ఆరాక లోపల సబ్బు మబ్బు మిగులుతుంది. పనిలో కొత్తవాళ్లు ఎక్కువ వైపుకే మొగ్గుతారు, ఎందుకంటే ఆ క్షణానికి చేతికి సుఖంగా ఉంటుంది.

అద్దం మీద ధారాళంగా కొట్టి, ఫిల్మ్ పైరెండు మూలలూ కుర్రాడు పట్టుకుంటే నేను కాగితం కిందికి ఒలుస్తూ గమ్ము మీద వెంట వెంటనే నీళ్లు కొడుతూ వచ్చాను. తర్వాత అద్దానికి పెట్టి, నాలుగు వైపులా అర అంగుళం చొప్పున బయటికి వచ్చేలా జరిపి, ఫిల్మ్ ముఖం మీద కూడా నీళ్లు కొట్టాను. ఇది చాలామంది వదిలేస్తారు. మాట్ ముఖం మీద పొడి ప్లాస్టిక్ కార్డు గట్టిగా రాస్తే ఆ గరుకుదనం నున్నబడి మెరిసే చారలు పడతాయి, ఇక పోవు. నేను స్క్వీజీ అంచుకి ఫెల్ట్ పట్టీ అంటించి వాడతాను. గట్టిగా నొక్కాల్సిన చోట, ఒలిచిన వెనక కాగితం ముక్కనే నున్నటి వైపు ఫిల్మ్‌కి తగిలేలా మధ్యలో పెడతాను.

మొదటి లాగుడు పైభాగంలో అడ్డంగా, నడిమి నుంచి కుడికి, మళ్లీ నడిమి నుంచి ఎడమకి. అది ఫిల్మ్‌ని కదలకుండా పట్టుకుంటుంది. అక్కడి నుంచి కిందికి, ప్రతి లాగుడూ ముందుదాని మీద మూడో వంతు ఎక్కేలా, ఎప్పుడూ నడిమి నుంచి అంచుకి. మొదటిసారి తేలిగ్గా. ముడత కనిపిస్తే నొక్కి అణచకూడదు. ఆ పక్క ఎత్తి, మళ్లీ నీళ్లు కొట్టి, వదిలేస్తే దానంతట అదే పడుతుంది. ఎత్తాలి గానీ గుంజకూడదు. గుంజిన వినైల్ ఇవాళ కాకపోతే మే నెలలో వెనక్కి ముడుచుకుంటుంది.

కోత అప్పుడే మొదలెట్టాలి, ఒకసారి నీళ్లు పోయాక, ఫిల్మ్ కొంచెం పట్టాక. 2 మిల్లీమీటర్ల మందమున్న స్టీలు స్కేలుని బీడింగ్‌కి నిలబెట్టి, దాని పక్కగా 30 డిగ్రీల కొత్త బ్లేడుతో కోశాను. స్కేలు మందమే అంచు ఖాళీ అవుతుంది, కొలవక్కర్లేదు. ఒక్కో అంచుకి బ్లేడు ఒక గీత విరిచేసి కొత్త ముక్కు తీసుకోవాలి. మొండి బ్లేడు వినైల్‌ని కోయదు, ఈడ్చి చింపుతుంది. పైగా ఎక్కువ నొక్కాల్సి వస్తుంది, అది అద్దానికి మంచిది కాదు. కోసిన పట్టీ తీసేయగానే ఆ రెండు మిల్లీమీటర్ల సందులోంచి నీళ్లు తన్నుకొచ్చాయి. అప్పుడు రెండో స్క్వీజీ, ఈసారి బలంగా. చివర కార్డుకి టిష్యూ పేపరు చుట్టి అంచుల వెంట అద్దుతూ పోయాను. టిష్యూ తడుస్తున్నంతసేపూ లోపల నీళ్లున్నట్టే. పొడి టిష్యూ పొడిగానే తిరిగి వచ్చేదాకా ఆ అంచు వదల్లేదు. పాత ఫిల్మ్ మచ్చలన్నీ కింది మూడో వంతులో వచ్చాయని చెప్పాను కదా, కింది అంచుకి ఇంకా ఎక్కువ టిష్యూలు పట్టాయి.

పార్టిషన్ దగ్గర కష్టమంతా తిన్నటి గీత. ఫిల్మ్ పట్టీ పై అంచు మూడు పలకల మీదుగా ఒకే మట్టంలో పోవాలి. లేజర్ లెవెల్ పెట్టి ఆ గీత వెంట మాస్కింగ్ టేపు అంటించాం, కానీ అద్దానికి అవతలి వైపున. పనిచేసే వైపు అంటిస్తే తడిసి ఊడుతుంది. అవతలి టేపు అద్దంలోంచి కనిపిస్తూనే ఉంటుంది, తడవదు. 12 ఎంఎం మందం వల్ల వాలుగా చూస్తే గీత జరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి కన్ను సరిగ్గా ఆ ఎత్తులోనే పెట్టి కోయాలి. నేను స్టూలు ఎక్కి చేశాను. పలకకీ పలకకీ మధ్య సిలికాన్ జాయింట్ దగ్గర రెండు వైపులా 2 ఎంఎం వదిలాం. డోర్ హ్యాండిల్ విప్పేసి ఫిల్మ్ వేసి మళ్లీ బిగించాం.

తలుపు మీద పట్టీకి పైన, మామూలు అద్దం భాగంలో, క్లినిక్ పేరు ఇదే ఫిల్మ్‌లో ప్లాటర్‌తో (అక్షరాలు కోసే మెషీన్‌తో) కోసిన తెలుగు అక్షరాల్లో కావాలన్నారు. "ఫిజియోథెరపీ" అన్న మాటని తడి పద్ధతిలో అంటించడం ఎవరైనా ఒకసారి చేసి చూడాలి. థ పొట్టలో చుక్క విడి ముక్క. కొన్ని ఫాంట్లలో ఫ కింది గీత కూడా విడిగానే ఉంటుంది. నీళ్ల మీద ఇవి తేలి పక్కకి జరిగిపోతాయి. అందుకే లావు ఫాంటు ఎంచుకుని, అక్షరాలన్నిటినీ కలిపి పట్టుకునే కాగితపు అప్లికేషన్ టేపు మీదికి ఎత్తి, నీళ్లు బాగా తగ్గించి అంటించాను. కాగితపు టేపు నీళ్లు పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ టేపు అయితే నీళ్లు లోపలే బందీ. స్క్వీజీ అయ్యాక అక్షరాలు పట్టేదాకా ఆగి, టేపు పైన నీళ్లు చల్లి నానబెట్టి, అద్దానికి ఆనించినట్టుగా వెనక్కి ఒలిచాను. చుక్క టేపుతో లేవబోతే టేపుని మళ్లీ కిందికి పెట్టి వేలితో నొక్కి, ఇంకాసేపు ఆగాలి. తొందరపడితే చుక్క జేబులో పెట్టుకుని ఇంటికి పోవాల్సిందే.

ఆరడం, ఆ తర్వాత

మొదటి రోజు సాయంత్రం మేడమ్ దగ్గరి నుంచి ఫోన్. "అక్కడక్కడా మబ్బుగా ఉందండీ, చిన్న బుడగలు కూడా ఉన్నాయి." ఇది వస్తుందని ముందే చెప్పి ఉంచాను. అయినా క్రితంసారి అనుభవం ఉంది కదా, టెన్షన్ సహజం. ఎంత లాగినా వెంట్రుకవాసి తడి మిగులుతుంది. అది వినైల్ గుండా, అంచుల గుండా మెల్లగా పోతుంది. వాతావరణాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పట్టొచ్చు. ఏది పోయే బుడగో ఏది పోనిదో వేలితో తేల్చుకోవచ్చు: నొక్కితే కదిలి, ఆకారం మారితే నీళ్లు. నొక్కినా అక్కడే గుడారంలా నిలబడి నడుమ నలుసు కనిపిస్తే దుమ్ము. వారం తిరిగి వెళ్లి చూసినప్పుడు మబ్బంతా పోయింది. ఒక షట్టర్‌లో దుమ్ము గుడారం ఒకటి ఉంది, మేడమ్ దాన్ని కనిపెట్టలేదు, నేనే చూపించాను. మార్చమంటే మారుస్తానన్నాను. ఆవిడ వద్దన్నారు.

ఆయాకి చెప్పినవి: రెండు రోజులు కిటికీలు తెరవడం, తుడవడం వద్దు. రెండు వారాల దాకా తడిగుడ్డ పెట్టొద్దు. ఆ తర్వాత మెత్తటి గుడ్డ, ఒట్టి నీళ్లో కొంచెం సబ్బో చాలు. పీచు, బ్లేడు, అమ్మోనియా వాసన వచ్చే లిక్విడ్ వద్దు. బీడింగ్‌లోకి నీళ్లు కొట్టకుండా గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి. పార్టిషన్ మీద నూనె చేతి మరక పడితే మాట్ ముఖం దాన్ని దాచదు, ముదురు మచ్చలా చూపిస్తుంది. వెంటనే సబ్బునీటి గుడ్డతో తుడిస్తే పోతుంది. వాక్స్ బాత్‌ని అద్దానికి దూరంగా జరపమని కూడా అడిగాను, ప్లగ్ పాయింట్ అక్కడే ఉందన్నారు. చిన్న యాక్రిలిక్ అడ్డు పెట్టించారు.

ఎండాకాలం పోయాక మళ్లీ వెళ్లి చూశాను. కిటికీ అంచుల ఖాళీ ఎంత వదిలామో అంతే ఉంది, మచ్చ లేదు. దక్షిణం చివరి షట్టర్‌లో కింది మూల ఒకటి మాత్రం గోరంత లేచింది. వాన నీళ్లు పోవడానికి ట్రాక్‌లో ఉండే రంధ్రం మూసుకుపోయి, ఆ మూలన నీళ్లు నిలుస్తున్నాయి. ముందు రంధ్రంలోని మట్టిని పుల్లతో తీశాను. లేచిన మేరకు ఫిల్మ్ కోసేసి, మూలని కొంచెం గుండ్రం చేశాను. గుండ్రటి మూల నిక్కు మూలంత త్వరగా లేవదు. మిగతా షట్టర్ల మూలలు కూడా అప్పుడే గుండ్రంగా కోసేసి, ట్రాక్ రంధ్రాలు నెలకోసారి చూడమని ఆయాకి చెప్పి వచ్చాను.